తిప్పుకొచ్చాడట!

మొన్న కూరగాయల బండి దగ్గర పక్క క్వార్టర్ అమ్మాయి నన్ను చూసి, "వదినా, అన్న నిన్ను నాగ్‌పూర్ తిప్పుకచ్చిండట గదా! అదృష్టవంతురాలివి" అంది. నవ్వి ఊరుకున్నాను. అర కిలో బీరకాయలు సంచిలో వేసుకుని ఇంటికొచ్చి, వాటి చెక్కు తీస్తూ కూర్చున్నప్పుడు మెల్లగా కోపం మొదలైంది. ఆ పిల్ల మీద కాదు, పాపం తను మంచి మనసుతోనే అంది. నా కోపమంతా 'తిప్పుకొచ్చాడు' అన్న మాట మీద.

బి.ఏ.లో తెలుగు చదివినందుకు నాకు మిగిలింది ఈ రోగం ఒక్కటే. ఏదైనా మాట చెవిన పడితే దాన్ని పట్టుకుని వదలను. 'తిరగడం' మనంతట మనం చేసే పని. 'తిప్పడం' ఇంకొకరు మనచేత చేయించే పని. వ్యాకరణంలో దాన్ని ప్రేరణార్థకం అంటారు. విసుర్రాయిని తిప్పుతారు, తాళంచెవి తిప్పుతారు, పెళ్ళాన్ని తిప్పుతారు. మగవాడు తిప్పితే అది మన అదృష్టం. అదే మనంతట మనం తిరిగితే? దానికి పెద్దలు సామెతే కట్టి పెట్టారు: తిరిగి ఆడది చెడిందట, తిరగక మగవాడు చెడ్డాడట. తిరుగుడు అదే, దారి అదే. ఆయనకేమో అది మందు, మనకేమో విషం.

మీ ఇళ్ళల్లో ఎలా అంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. "వేములవాడ తీసుకపోయిండు." "హైదరాబాద్ చూపిచ్చిండు." "మా అల్లుడు మంచోడు, పిల్లను నెలకోసారి బయట తిప్పుతడు." మా కోడలు మా కొడుకును వేములవాడ తీసుకపోయింది అని ఏ అత్త నోటనైనా విన్నారా? నేను వినలేదు. నలభై దాటాయి, ఇంకా వింటానన్న ఆశ కూడా లేదు.

సరే, ఆ తిప్పడం ఎలా జరిగిందో చెప్తాను, తర్వాత మీరే చెప్పండి ఎవరు ఎవర్ని తిప్పారో.

2024 సెప్టెంబర్‌లో నాగ్‌పూర్, సికింద్రాబాద్ మధ్య వందేభారత్ మొదలైనప్పటి నుంచి మా పిల్లలు దాన్ని ఎక్కుదామని ప్రాణం తీస్తున్నారు. అది మన రామగుండంలో ఆగుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఇక్కడ ఎక్కితే రాత్రి ఎనిమిదిన్నరలోపు నాగ్‌పూర్. తిరుగు ప్రయాణంలో పొద్దున ఐదింటికి అక్కడ బయల్దేరితే తొమ్మిది దాటేసరికి ఇంటి దగ్గర. మా ఆయన సింగరేణిలో భూగర్భ గనిలో పని. శుక్రవారం నైట్ షిఫ్టు దిగి, శనివారం బయల్దేరి, సోమవారం సెకండ్ షిఫ్టుకు అందుకోవాలని లెక్క వేసుకున్నాడు. ఆదివారం ప్లేడే వదులుకున్నాడు. బాయి ముచ్చట్లు తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ప్లేడే అంటే ఆటల రోజు కాదు, వారపు సెలవు నాడు డ్యూటీ చేసి రెట్టింపు జీతం తెచ్చుకునే రోజు. "మీ కోసం ప్లేడే పోగొట్టుకున్న" అని రైల్లోనే మూడుసార్లు అన్నాడు. నిజమే, పోగొట్టుకున్నాడు. ఆ నష్టం జీతం కాగితం మీద అంకెలతో సహా కనబడుతుంది.

నా నష్టం ఏ కాగితం మీద కనబడుతుంది?

శుక్రవారం రాత్రి ఆయన డ్యూటీకి పోయాక నా షిఫ్టు మొదలైంది. అత్తమ్మ మోకాళ్ళ నొప్పులతో రానంది. అంటే శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దున దాకా ఆమె ఒక్కతికి సరిపడా పులుసులు, తొక్కులు చేసి ఫ్రిజ్‌లో సర్ది, ఏ గిన్నె ఏ పూటకో చెప్పి పెట్టాలి. నలుగురి బట్టలు, మందులు, చార్జర్లు, చిన్నోడి కళ్ళజోడు. మూడున్నరకే లేచాను. ఎందుకంత పొద్దున అంటే, నైట్ షిఫ్టు మనిషి ఉన్న ఇంట్లో ఎనిమిది దాటాక మిక్సీ తిరగకూడదు, కుక్కర్ కూత వేయకూడదు, చీపురు చప్పుడు కూడా దొంగచాటుగానే ఉండాలి. మీలో బాయి పనివాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. కాబట్టి ఆయన వచ్చి పడుకునేలోపు వంటంతా దిగిపోవాలి. పులిహోర, చపాతీలు, ఆలుగడ్డ కూర, పెరుగన్నం, పిల్లలు ఇష్టపడతారని సర్వపిండి. అక్కడ దిగేది మరిది వాళ్ళింట్లో, ఉత్త చేతులతో పోతామా, అందుకని ఓ డబ్బాడు లడ్డూలు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. వందేభారత్‌లో టికెట్‌తో పాటే తిండి ఇస్తారు. వద్దనుకుంటే ఆ మేరకు డబ్బులు తగ్గుతాయి. మా ఆయన ఫోన్‌లో టికెట్లు చేస్తూ నలుగురికీ వద్దు అని నొక్కాడు. "ఇంట్ల నువ్వుండంగ గా తిండికి పైసలెందుకు?" అన్నాడు. వినడానికి మెచ్చుకోలులాగే ఉంది. నేనూ ఆ క్షణంలో పొంగిపోయాను, దాచుకోవడం ఎందుకు. తర్వాత చపాతీ పిండి పిసుకుతుంటే అర్థమైంది. రైల్వే వాళ్ళు ఆ పనికి డబ్బులు అడుగుతారు, నేను అడగను.

రైలు కదిలిన పది నిమిషాలకే గోదావరి వచ్చింది. ఏసీ బోగీ, అద్దాలు తెరుచుకోవు, నాణెం వేసే అదృష్టం ఎలాగూ లేదు. కనీసం దండం పెట్టుకుందామంటే చేతిలో పులిహోర గిన్నె. చిన్నోడికి రైలు ఎక్కగానే ఆకలి. వాడికి పెట్టి, వాళ్ళ నాన్నకు పెట్టి, చేతులు తుడుచుకుని చూసేసరికి మంచిర్యాల కూడా వెనకబడింది. కాగజ్‌నగర్ దాటాక అడవి చాలా బాగుంటుందని విన్నాను. బాగుందనే మా అమ్మాయి కూడా చెప్పింది. నేనప్పుడు బోగీ చివర నల్లా దగ్గర టిఫిన్ డబ్బాలు కడుగుతున్నాను.

చంద్రాపూర్ దగ్గర పొగ గొట్టాలు, బొగ్గు కుప్పలు చూసి చిన్నోడు, "అమ్మా, పరాయి రాష్ట్రం అన్నవు, ఇది మన ఖని లెక్కనే ఉంది గదా" అన్నాడు. నిజమే, బోర్డుల మీద మరాఠీ తప్ప తేడా ఏమీ లేదు. అక్కడ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్, ఇక్కడ సింగరేణి. ఆ కిటికీల వెనక కూడా ఎవరో ఒకావిడ కుక్కర్ కూత ఆపి కూర్చుని ఉంటుంది.

నేను నాగ్‌పూర్ పోదామనగానే ఎందుకు ఒప్పుకున్నానో మీకు చెప్పలేదు. నాకు రామ్‌టెక్ చూడాలని ఉంది. నాగ్‌పూర్‌కు యాభై కిలోమీటర్ల దూరం, గుట్ట మీద రాముడి గుడి. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు శాపం అనుభవించిన రామగిరి అదేనని ఎక్కువమంది పండితులు అంటారు. మనవైపు అడిగితే ఒప్పుకోరు. బేగంపేట దగ్గరున్న మన రామగిరి ఖిల్లానే ఆ రామగిరి అని, కాళిదాసు ఇక్కడే కూర్చుని రాశాడని గట్టిగా వాదిస్తారు. కాలేజీలో ఉన్నప్పుడు మా స్నేహితురాళ్ళతో నేనూ వాదించాను. ఖిల్లా ఎక్కాను, ఆ రెండోది కూడా ఎక్కి, ఏ గుట్ట మీద మబ్బు బాగా వాలుతుందో చూసి రావాలని అప్పటి నుంచి కోరిక. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ కావ్యంలో కూడా చూడండి, యక్షుడు గుట్ట మీద, మబ్బు విదిశ మీదుగా, ఉజ్జయిని మీదుగా దేశమంతా చూసుకుంటూ పోతుంది. భార్య అలకాపురిలో గడప దగ్గర పూలు పెట్టి మిగిలిన నెలలు లెక్కపెట్టుకుంటుంది. మబ్బుకున్న పాటి తిరుగుడు కూడా ఆమెకు లేదు.

బయల్దేరే ముందు రెండుసార్లు అడిగాను. "చూద్దాం తియ్" అన్నాడు. మన ఇళ్ళల్లో చూద్దాం అంటే అర్థమేమిటో మీకు తెలుసు.

ఆదివారం ఆయన పది దాకా పడుకున్నాడు. వారమంతా రాత్రిళ్ళు భూమి కింద పనిచేసిన మనిషి, ఆ నిద్ర మీద నాకు కోపం లేదు. లేచాక ఆయన, మరిది, పిల్లలంతా మెట్రో ఎక్కుదామని, సీతాబర్డీ బజారు చూద్దామని బయల్దేరారు. "మీరిద్దరు ముచ్చట పెట్టుకుంట వంట కానియ్యుండ్రి, మేం ఒంటిగంటకు అస్తం" అన్నాడు. యారాళ్ళిద్దరికీ ముచ్చట పెట్టుకునే అవకాశం ఇచ్చి ఉపకారం చేసినట్టు! ఎనిమిది మందికి వంట. ఉల్లిగడ్డలు కోస్తూ నేను రామ్‌టెక్ మాట ఎత్తాను. యారాలు కత్తి ఆపి నా వైపు చూసింది.

"అక్కా, నాగ్‌పూర్‌కచ్చి పదకొండేండ్లయింది. నేనూ చూడలే. ఎవరన్న చుట్టాలు అచ్చినప్పుడు తీసుకపోతన్నడు. అచ్చిన చుట్టాలకేమో నేనే వండిపెట్టాలె గదా."

ఆ మాట విన్నాక నాకు చాలాసేపు నోట మాట రాలేదు. యాభై కిలోమీటర్లు. బస్సు ఉంది, రైలు కూడా ఉంది. పదకొండేళ్ళు. డిగ్రీ చదివిన పిల్ల, హిందీ, మరాఠీ రెండూ గడగడా మాట్లాడుతుంది, కూరగాయలవాడితో బేరమాడితే వాడు దండం పెట్టాలి. అంత తెలివిగల మనిషి, ఎవరో వచ్చి తీసుకుపోవాలని కూర్చుంది. నేనేమైనా తక్కువ తిన్నానా? నేనూ ఇరవై ఏళ్ళు అలాగే కూర్చున్నాను.

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి హైదరాబాద్, నిర్మల్ మీదుగా ఈ నాగ్‌పూర్ దాకా వచ్చి ముందుకు పోయారు. ఆ యాత్రాచరిత్ర మాకు పాఠంగా ఉండేది. ఇంటి ఆడవాళ్ళు కూడా ఆ పరివారంలో ఉన్నారు. మజిలీ మజిలీకీ ఏ నీళ్ళు దొరుకుతాయో, ఏ బియ్యం దొరుకుతుందో అయ్యవారు రాశారు. ఆ ఆడవాళ్ళు ఏం చూశారో, ఏం అనుకున్నారో చెప్పే పుస్తకం మనకు లేదు. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత అదే నాగ్‌పూర్‌కు వందేభారత్‌లో పోయి కూడా, నేను చూసింది పులిహోర గిన్నె.

సాయంత్రం ఓ గంట దీక్షాభూమి చూశాం. ఈ ప్రయాణంలో నాకు దక్కింది అదే. 1956 అక్టోబర్ 14న అంబేడ్కర్ లక్షల మందితో బౌద్ధం తీసుకున్న చోటు. ఆ తెల్లని స్తూపం కింద నిలబడితే గుండె నిండినట్టయింది. మా కాలనీ నుంచి ప్రతి దసరాకు అక్కడికి పోయే కుటుంబాలున్నాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళతో మాట్లాడితే ఒకటి గమనించాను. "పోయొచ్చినం" అంటారు. తీసుకపోయిండు అని వాళ్ళ నోట నేనెప్పుడూ వినలేదు. ఎక్కడికి పోతున్నదీ, ఎందుకు పోతున్నదీ తెలిసిన మనిషిని ఎవరు తిప్పుతారు?

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాం. ఆయన "పానం అలిసిపోయింది" అని ఒంటిగంట దాకా పడుకుని, లేచి తిని, డబ్బా పట్టుకుని సెకండ్ షిఫ్టుకు పోయాడు. ఆ డబ్బాలోకి అన్నం, కూర ఎక్కడి నుంచి వచ్చాయో వేరే చెప్పాలా? గడప దాటుతూ ఒక మాటన్నాడు: "తిప్పుకచ్చిన గదా, ఇగ మూడు నెలలు అడగకుండ్రి."

ఇదంతా ఇంటి రచ్చ, బయట పెట్టడం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఇది నా ఒక్క ఇంటి సంగతైతే పెట్టకపోదును. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా తిరిగి, ఎవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో లెక్క తీసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. చేసే మగవాళ్ళు అన్న మాట గమనించండి. అసలు చేయనివాళ్ళు ఆ 97లో లేనే లేరు. మా బొగ్గు ఊళ్ళలో ఇంకో విడ్డూరం ఉంది. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్ళను బాయిలోకి దించకూడదంది, పైన కూడా పొద్దున ఆరుకు ముందు, సాయంత్రం ఏడు తర్వాత పనికి పెట్టకూడదంది. 2019లో దాన్ని సడలించారు. అన్నేళ్ళు చట్టానికి ఆడవాళ్ళ మీద అంత దయ. పొద్దున ఏడింటి షిఫ్టుకు ఐదున్నరకే డబ్బా కట్టి, రాత్రి పదకొండున్నరకు వచ్చే మనిషికి అన్నం వేడి చేసే ఆడదాని గంటలు మాత్రం ఏ చట్టంలోనూ లేవు.

"ఆయన పైసలతోనే పోయినవు గదా" అంటారు. ఆయన బాయిలోకి దిగి చెమటోడ్చి తెస్తున్నాడు, కాదనను. దుమ్ము పట్టిన ఆ ఊపిరి సంగతి నాకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? కానీ ఇరవై ఏళ్ళుగా మూడు షిఫ్టులకూ ఆయన టైముకు లేచి, తిని, పోగలిగాడంటే ఆ మస్టర్లలో సగం నేను పడ్డవి. ఆ లెక్కన మా రైలు టికెట్లలో సగం డబ్బు నాది. నా డబ్బుతో నేను పోతే దానికి తిప్పడం అని పేరేమిటి?

ఇంకొకరు, "ఆడోళ్ళు ఒంటరిగ పోతే ఏమన్న అయితే?" అంటారు. భయం అబద్ధమని నేను అనను, ఆడపిల్ల తల్లిని. కానీ ఈ భయం కూరగాయలకు, రేషన్‌కు, ఆస్పత్రికి, పిల్లల ఫీజులు కట్టడానికి పోయినప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు. పని మీద పోతే మనం ధైర్యవంతులం, చూడటానికి పోతే మనకు రక్షణ కావాలి.

2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఆ రోజు నుంచి ఎన్ని జోకులు, ఎంత వెక్కిరింత! "పని పాట లేక తిరుగుతున్నరు" అని చౌరస్తాలో చాయ్ తాగుతూ, అదేం పనో తెలియని పనిలో ఉన్న మగవాళ్ళు అన్నారు. బస్సులో ఎల్లిగడ్డలు ఒలుచుకుంటున్న ఆడవాళ్ళ వీడియోలు పెట్టి నవ్వారు. నవ్వినవాళ్ళలో మనమూ ఉన్నాం, సిగ్గుపడదాం. బస్సెక్కినా ఆమె చేతుల్లోంచి వంటిల్లు దిగలేదు, దిగగానే వండాల్సింది ఆమే గనుక దారిలోనే ఒలుచుకుంటోంది. అది చూసి జాలి పడాలా, నవ్వాలా? ఒక్కసారి కారణం లేకుండా, ఎవరి అనుమతీ లేకుండా, ఊరికే తిరగాలనిపించి ఓ ఆడది మంథని దాకా పోయి గోదావరి చూసి వచ్చిందనుకోండి. ఎవరికి ఏం చెడింది? సామెత చెప్పినవాళ్ళు వచ్చి చూపించమనండి.

ఈ బస్సు రాష్ట్రం సరిహద్దు దాకానే. నాగ్‌పూర్‌కు రైలుకు డబ్బులు పెట్టుకోవాల్సిందే. పోయిన నెల నా చిట్టీ ఎత్తాను. గిన్నెల స్టాండు కొందామనుకున్నవి. కొనడం లేదు.

బీరకాయల సంచి లోపల పెట్టి, కూర దింపి, పక్క క్వార్టర్‌కు పోయాను. "నేను రామ్‌టెక్ పోతున్న, నువ్వు అస్తవా?" అని అడిగాను. ఆ పిల్ల "మా ఆయన్ని అడిగి చెప్త వదినా" అంది. నేనేమీ అనలేదు. రెండు రోజులకు తనే వచ్చి, టికెట్‌కు కావాల్సిన వివరాలు చీటీ మీద రాసిచ్చి పోయింది. అడిగిందో, చెప్పిందో నేను అడగలేదు. నాగ్‌పూర్‌లో యారాలు స్టేషన్‌కు వస్తానంది, గుట్ట ఎక్కడానికి మంచి చెప్పులు తెచ్చుకో అక్కా అని ఫోన్ చేసింది.

మా ఆయన సంగతికొస్తే, మొదట నవ్వాడు. నిజమని తెలిశాక, "పో, నేనేమన్న వద్దన్ననా? మరి నా డబ్బా?" అన్నాడు. బియ్యం డబ్బా ఎక్కడుందో చూపించాను. "పిల్ల ఉంటది గదా" అన్నాడు. ఆ మాటకు మాత్రం నాకు నిజంగా మండింది. ఇరవై ఏళ్ళు నేను పడ్డది చాలు, నేను లేని రెండు రోజులు నా బదులు మా అమ్మాయి మస్టర్ పడాలా? అది కూడా నాతోనే వస్తుందని చెప్పాను. అత్తమ్మ మంచంలోంచి, "నేను కూసోని చెప్తరా, నువ్వు వండు" అంది కొడుకుతో. ఆమె అలా అంటుందని నేను అనుకోలేదు.

నిన్న టికెట్లు నేనే చేశాను. మూడు. భోజనం దగ్గరకు వచ్చేసరికి వేలు కాసేపు ఆగింది, పాత అలవాటు మరి. మూడింటికీ కావాలి అని నొక్కాను. శనివారంలోపు ఆయనకు కుక్కర్ ఎన్ని కూతలకు దింపాలో నేర్పాలి.